మనోవర్తికి అర్థం తేలేదాకా

ప్రజలు అడిగింది ఇవ్వడానికి ప్రభుత్వం ఎల్లవేళలా సిద్ధమే. కాకపోతే అడిగిన మాటకు అర్థమేమిటో ముందు తేలాలి. ఈ పరమసత్యం ఐలవ్వకు మొగుడు పోయిన ఏడాది, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో తెలిసింది.

మెట్‌పల్లి దాటాక ఆమె ఊరు. మొగుడు బుచ్చిరాములు వానకాలపు జ్వరంతో పోయాడు. అన్నదమ్ముల ఉమ్మడి భూమిలో బాయికింది మడి ఆ ఆలుమగలు చేసుకుంటున్నది. ఆ బాయి తవ్విన ఎండకాలం మట్టితట్టలు మోసింది ఐలవ్వే. దినాలు కాగానే మరిది భూమన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"వదినె, ఆడిదానివి, భూమి పంచాయితి నీకెందుకు? నేను మనోవర్తి ఇస్త."

"మనోవర్తంటె ఏంది?"

"మొగడు పోయినోళ్లకు ఇచ్చేది. పెద్దల కాలంకెల్లి ఉన్న మాటనే."

"ఎంతిస్తరు?"

భూమన్న ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. "పేర్లనే ఉన్నది గద. నా మనసుకు ఎంత తోస్తె గంత."

భూమన్న మనసు ఐలవ్వకు తెలుసు. (దాని విస్తీర్ణం ఏ పహాణీ భూమిలెక్కలోనూ ఎక్కదు.) మర్నాడే తాలూకా కచేరీకి పోయి, మనోవర్తి అంటే ఏమిటో తేల్చి తనకు రావలసింది ఇప్పించమని అర్జీ పెట్టింది.

పేష్కారు లింగమూర్తి అర్జీ చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కచేరీ అప్పుడే ఉర్దూ వదిలి తెలుగులోకి దిగుతోంది. కాళ్లకు నేల ఇంకా ఆనలేదు. ఇటువంటి ఇబ్బందుల కోసమే అక్కడ 'పదార్థ నిర్ణయ శాఖ' వెలిసింది. (వస్తువులు ఇచ్చే శాఖ అనుకొని జనం సంచులు పట్టుకొని వస్తే, పదాలకు అర్థం చెప్పే శాఖ అని ఓపికగా వివరించి పంపేవారు.)

శాఖలో తర్జుమా చేసే రజాక్ మాటను రెండు ముక్కలు చేశాడు. "మన్ అంటె దిల్. వర్తి అంటె వత్తి, బత్తి. దిల్ కీ బత్తీ. జర దీపం సంగతి లెక్క కనబడుతుంది సాబ్."

దీపం సంగతి కనుక ఫైలు కిరోసిన్ పంపిణీ విభాగానికి వెళ్లింది. వారు దయగలవారు. వితంతువు హృదయదీపం ఆరిపోకుండా నెలకొక సీసా మంజూరు చేశారు.

ఐలవ్వ ఆ సీసా తెచ్చి పేష్కారు బల్ల మీద పెట్టింది. "సారూ, నేనడిగింది మడి. గ్యాస్‌నూనె కాదు."

"తీస్కపో అవ్వా. మళ్ల విచారణ చేస్తం."

ఈసారి తెలుగు పంతులు రామచంద్రాన్ని పిలిపించారు. ఆయన కళ్లు మూసుకొని చెప్పాడు: "మనస్సు అనుకుంటే ఓదార్పు. మనుట అనుకుంటే బతుకుదెరువు. ఓదార్పయితే మాటతో ఇవ్వవచ్చు, బతుకుదెరువయితే మడి ఇవ్వాలి. తొందరపడితే శాస్త్రానికి ద్రోహం." బాసర పోయి సరస్వతీదేవి సన్నిధిలో ఆలోచించడానికి ఆయనకు ప్రయాణభత్యం మంజూరయింది.

వానలు పడ్డాయి. ఐలవ్వ తమ్ముడి ఎడ్లు తోలుకొచ్చి మడి దున్నించి నాటు వేసింది. భూమన్న గట్టు మీదికి ఉరికొచ్చాడు.

"ఎవరినడిగి ఏసినవు?"

"నా అర్జీ నడుస్తుంది."

భూమన్న కచేరీకి పోయి కాగితం పెట్టాడు. పేష్కారు దాన్ని ఐలవ్వ ఫైలుకు కుట్టి, నిబంధన చదివి వినిపించాడు: వివాదంలో ఉన్న మాటకు అర్థం తేలనంత వరకు ఆ మాట తాలూకు భూమిలో ఉన్నవారిని కదపరాదు.

"ఎప్పుడు తేలుతది సారూ?"

"పంతులు బాసరకెల్లి రాలే."

పంటలు వస్తున్నాయి, పోతున్నాయి. భూమన్న పరేషానయి చిక్కిపోయాడు. ఐలవ్వ మాత్రం కాస్త ఒళ్లు చేసింది. అంతలో ఒకనాడు కచేరీ జవాను వచ్చి, పంతులు తిరిగొచ్చాడనీ, అర్థం దాదాపు దొరికినట్టేననీ చెప్పిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఐలవ్వకు అన్నం సయించలేదు. కొత్త బియ్యం గంపకెత్తుకొని పంతులు ఇంటికి నడిచింది.

"అయ్యా, మీరు పెద్దోళ్లు. గంత లోతు మాటను గిట్ల తొందరపడి తేలుస్తరా? ఇంకా జర ఆలోచన చెయ్యిండ్రి."

పంతులు కళ్లు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్లలో ఆయన పాండిత్యాన్ని అర్థం చేసుకున్న మొదటి మనిషి ఆమె. మర్నాడే కాశీ పండితులను సంప్రదించాలని రాసిపెట్టాడు.

మొగుడి ఆస్తిలో భార్యకు కొడుకులతో సమానంగా వాటా ఉందని చెప్పే కొత్త చట్టం ఆ కచేరీకి ఎప్పుడో చేరింది. ఇంగ్లీషులో ఉండటంవల్ల, అర్థం కోసం అదీ వరుసలోనే ఉంది.