ఉదారవాది గారి రాతబల్ల

పందొమ్మిదో శతాబ్దమే లేకపోతే నా కాపురం ఎప్పుడో కూలిపోయేది! నవ్వకండి. ఆనాటి మేధావులు తలలు బద్దలు కొట్టుకుని కనిపెట్టిన రాజకీయ వాదాలన్నీ నాలాంటి గృహస్థుల సుఖం కోసమేనని నా దృఢ విశ్వాసం.

మా ఆవిడ హైస్కూల్లో చరిత్ర టీచరు. హెడ్మిస్ట్రెస్ పరీక్షకు చదువుకోవాలి, రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా నా రాతబల్ల కావాలంది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క బల్లే. పైగా ఆ రెండు గంటలూ వంట నన్ను చూసుకోమంది. కాదంటే మొరటువాణ్ణవుతాను, ఔనంటే వంటవాణ్ణవుతాను. ఏం చెయ్యను? ఆవిడ పాఠ్యపుస్తకమే తెరిచాను.

పందొమ్మిదో శతాబ్దపు పాఠంలో సంప్రదాయవాదం దొరికింది. ఎన్నాళ్లుగానో నిలిచిన ఏర్పాటును తొందరపడి కదిలిస్తే సమాజం తలకిందులవుతుందట! పదిహేనేళ్లుగా బల్ల నాది, స్టవ్వు ఆమెది. నేను ఆలోచించింది సమాజం గురించే.

వారం తర్వాత మళ్లీ అడిగింది. ఈసారి సామ్యవాదినయ్యాను. బల్ల ఉమ్మడి ఆస్తి కాబట్టి అందులో రెండు గంటలు ఒకరికే రాసివ్వడం సిద్ధాంతరీత్యా కుదరదన్నాను. జాతీయవాదం ఇంకా మేలు. వంటింటి గడపను సరిహద్దుగా ప్రకటించి, పొరుగుదేశంలో కాలు పెట్టడం నా స్వభావం కాదన్నాను. ఇక విప్పిన చొక్కా ఎక్కడపడితే అక్కడ పారేసే విషయంలో నేను మొదటినుంచీ అరాచకవాదినే, దానికి పుస్తకం కూడా అక్కర్లేకపోయింది.

పరీక్ష నెల రోజుల్లోకి వచ్చింది. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో పుస్తకం పట్టుకుని స్టవ్వు ముందు నిలబడి చదువుతున్న ఆమెను చూసి నా మనసు కరిగింది. నేనూ మనిషినే కదా!

"నేను ఉదారవాదిని. ఆదివారాలు బల్ల వాడుకో, పర్మిషన్ ఇస్తున్నా" అన్నాను.

ఆమె గరిటె పక్కన పెట్టింది.

"ఉదారవాది అంటే దానం చేసేవాడు కాదండీ. ఎవరి హక్కు వాళ్లదని ఒప్పుకునేవాడు. టెన్త్ పిల్లలు కూడా ఇదే తప్పు రాస్తారు. సున్నా వేస్తాను."

సరే, ఆమె హక్కుకు కూడా పర్మిషన్ ఇస్తున్నానన్నాను. ఇంతకన్నా ఏ మొగుడు దిగివస్తాడు?

ఆమె పుస్తకాలు సర్దుకుంది. మర్నాడు బడి పక్కనున్న టీచర్ల హాస్టల్లో గది తీసుకుంది. అందులో బల్ల ఉందట. పరీక్ష అయ్యాక వస్తావా అని ఫోన్లో అడిగితే, అప్పుడు చూద్దామంది.

ప్రస్తుతం బల్ల ఇరవైనాలుగు గంటలూ నాదే. వాదాలన్నీ పదిలంగా ఉన్నాయి, వాదించడానికే ఎవరూ లేరు. లెక్కల్లో నేను మొద్దునే గానీ, ఇదొక్కటి మాత్రం తేలింది. ఆమె అడిగింది రెండు గంటలే. ఇచ్చి ఉంటే మిగతా ఇరవైరెండూ మా ఇద్దరివీ అయ్యేవి.