కుదుపు లేని వీధి

మూడు నెలల కిందట ఒక ఆదివారం, ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు, మా వీధి ఆరో నంబరు ఇంటి ముందుగదిలో నూట ఎనభై మంది పట్టే విమానం ఒకటి ఒక్క కుదుపైనా లేకుండా నేలమీద దిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. విమానం కంప్యూటర్‌లోనిదే. లోపల ప్రయాణికులు ఎవరూ లేరు. అయినా ఇటువంటి విజయం మా వీధికి మునుపెన్నడూ దక్కలేదు కనుక, అది ఎలా సాధ్యమైందో నాలుగు ముక్కలు రాసిపెట్టడం నా విధి అనుకున్నాను.

ఆ ఇల్లు రోడ్ల శాఖ ఇంజనీరుగారిది. మా చుట్టుపక్కల రోడ్లన్నీ ఆయన చేతికిందే ఉంటాయి. మంచి మనిషి. ఎవరి ముందూ చెయ్యి చాచరు, ఎవరి మీదా గొంతు లేపరు. మా వీధి మొదట్లో మలుపు దగ్గర అప్పటికి పదకొండు నెలలుగా ఒక గొయ్యి ఉంది. నీళ్ల శాఖవాళ్లు పైపు కోసం తవ్వి, మట్టి పోసి వెళ్లారు. మొదటి వానకే మట్టి లోపలికి దిగిపోయింది. మేం మూడు అర్జీలు పెట్టుకున్నాం. మూడింటికీ ఇంజనీరుగారు స్వయంగా, ఒక్క అక్షరదోషం లేకుండా, "విషయం పరిశీలనలో ఉన్నది" అని జవాబిచ్చారు. అంత మర్యాదగా జవాబు రాసే అధికారి ఎన్ని వీధులకు దొరుకుతాడు?

ఆయన భార్య ఫిజియోథెరపిస్టు. మేం డాక్టరమ్మ అంటాం. బజారు చివర క్లినిక్కులో నడుములూ మెడలూ సరిచేస్తారు. భర్తగారి పరిధిలో పట్టేసిన నడుము భార్యగారి పరిధిలో వదులుతుంది. ప్రజల వెన్నెముకలకు ఇంతగా అంకితమైన కుటుంబం నాకు మరొకటి తెలియదు.

ఇంజనీరుగారికి రక్తపోటు వచ్చింది. ఏదైనా వ్యాపకం పెట్టుకోమని డాక్టరు చెప్పాడు. ఆయన విమానం నడిపే ఆటను ఎంచుకున్నారు. మొదటిరోజు విమానం చక్కగా లేచింది, చక్కగా ఎగిరింది. దిగబోయేసరికి తెరమీద బొమ్మ నత్తిగా, ఆగి ఆగి కదలడం మొదలుపెట్టింది. చక్రాలు నేలను తాకేలోపు విమానం నాలుగుసార్లు ఉలిక్కిపడింది.

"రన్‌వే మీద కుదుపేంటి? ఎవడు చూస్తున్నాడు దీన్ని? అడిగేవాడు లేడా?" అని ఇంజనీరుగారు బల్ల గుద్దారట. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆయన గొంతు పెంచగా వినడం అదే మొదటిసారని డాక్టరమ్మ తర్వాత మా ఆవిడతో చెప్పారు.

అరగంటలో కంప్యూటర్ మెకానిక్ వచ్చాడు. నలభై దాటిన మనిషి. చొక్కా జేబులో కలం ఉండాల్సిన చోట స్క్రూడ్రైవర్ ఉంటుంది కాబట్టి అతన్ని అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు.

"సార్, సెకనుకి ఎన్ని బొమ్మలు పడితే ఆట అంత నున్నగా సాగుద్ది. వాటిని ఫ్రేములంటారు. మీకు పంతొమ్మిది పడుతున్నాయి. దిగేటప్పుడైతే పదకొండే."

"ఎన్ని పడాలి?"

"నిలకడగా ముప్ఫై చాలు సార్. అరవై అయితే వెన్నే."

"అరవై కావాలి. ఎప్పట్లోగా చేస్తావ్?"

'ఎప్పట్లోగా' అన్న మాట ఆయన నోట పలికిందంటే ఆయన ఆఫీసులో ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

ఆ రోజునుంచి పని జరిగిన తీరు ఏ ప్రభుత్వ శాఖకైనా ఆదర్శం. ముందు క్షేత్ర పరిశీలన. డబ్బా విప్పి చూస్తే ఫ్యాను రెక్కలకు వేలి మందం దుమ్ము. దుమ్ము ఎక్కణ్ణుంచి వస్తోందని విచారణ జరిపి, వీధి మొదట్లో గోతిలోంచి లేచి కిటికీగుండా వస్తోందని ఇంజనీరుగారు అదేరోజు తేల్చారు. తేల్చి, తక్షణ చర్యగా కిటికీకి టేపు అతికించారు. మూడు ఫ్రేములు పెరిగాయి.

తర్వాత, పైకి కనబడకుండా వెనకాల నడుస్తూ, పనేమీ చేయకుండా కంప్యూటర్ శక్తినంతా తినేస్తున్న ప్రోగ్రాములు ముప్ఫై నాలుగు బయటపడ్డాయి. తన ఆఫీసులో అటువంటివారిని పదహారేళ్లుగా చూస్తూ ఎంతో ఓర్పుగా ఉన్న మనిషి, ఈ ముప్ఫై నాలుగింటినీ ఒక్క పూటలో ఇంటికి పంపేశారు. తెరమీద బొమ్మను నడిపించే డ్రైవర్ ప్రోగ్రాములు పాతబడిపోయాయని స్క్రూడ్రైవర్ చెబితే, కొత్తవి ఎక్కించేదాకా కాఫీ ముట్టలేదు. కంప్యూటర్ వేడెక్కితే నెమ్మదిస్తుందని తెలిసి పడగ్గది ఏసీని ముందుగదికి మార్పించారు. మిక్సీ తిప్పితే కరెంటు ఒక్క క్షణం ఊగుతోందని కనిపెట్టి, విమానం గాల్లో ఉండగా ఇంట్లో చట్నీ రుబ్బరాదని మౌఖిక ఉత్తర్వులిచ్చారు. అన్నీ తేదీలవారీగా ఒక నోటుపుస్తకంలో రాశారు. నేను చూశాను. ముత్యాల్లాంటి రాత.

అయినా నలభై ఒకటి దగ్గర ఆగిపోయింది.

"ఇక చెట్లు తగ్గించాలి సార్. విమానాశ్రయం చుట్టూ మరీ ఒత్తుగా ఉన్నాయి. సగానికి తగ్గిస్తే ఆరు ఫ్రేములొస్తాయి."

ఇంజనీరుగారు రెండు రోజులు ఆలోచించారు. "చెట్లు కొట్టేస్తే అక్కడి జనం ఊరుకుంటారా?" అని మథనపడ్డారు. కిందటేడు రోడ్డు వెడల్పు చేస్తామని మా వీధిలో ఐదు వేపచెట్లు పడగొట్టిన రోజున ఇంత ఆలోచన అవసరం పడలేదు. రోడ్డు వెడల్పు కాలేదు గానీ ఎండ వెడల్పయింది. చివరకు కంప్యూటర్‌లో సగం చెట్లకే, బరువెక్కిన గుండెతో అనుమతి ఇచ్చారు. ఆపైన మబ్బులు పలచబడ్డాయి, నీడలు పోయాయి, కింద రోడ్లమీద వాహనాలు మాయమయ్యాయి. యాభై ఎనిమిది వచ్చింది.

"మనుషులు మిగిలారు సార్. రన్‌వే పక్కన తిరుగుతుంటారు చూడండి, ఫ్రేములు బాగా తింటారు వాళ్లు."

మనుషుల్ని కూడా తీసేశారు. అరవై వచ్చింది.

ఆ మర్నాడు, గురువారం ఉదయం, ఇంజనీరుగారు ఆఫీసుకు వెళ్లేముందు ఒక విమానాన్ని దింపుతుండగా, డాక్టరమ్మ స్కూటరు మీద క్లినిక్కుకు బయలుదేరి వీధి మొదట్లోని గోతిలో పడ్డారు. ఎదురుగా వస్తున్న వ్యాను నుంచి తప్పుకోబోయి పడ్డారు. కుడి చెయ్యి కింద పడి ఒళ్లు దానిమీద పడింది. నేనూ మా వీధి సంక్షేమ సంఘం అధ్యక్షులవారూ పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాం. మణికట్టు పక్కకు తిరిగి ఉంది. ఎందరి ఎముకలనో సరిచేసిన మనిషి తన చేతివైపు చూసుకోవడానికి భయపడుతున్నారు.

ఇంజనీరుగారు మెడలో హెడ్‌ఫోన్లతోనే పరుగెత్తుకొచ్చారు. ఆయన ముఖంలో రక్తం లేదు. కారు తీశారు. నేను వెనక కూర్చున్నాను. ఎంత నెమ్మదిగా పోనిచ్చినా ముందు చక్రం గోతిలో దిగనే దిగింది. "అమ్మా!" అని డాక్టరమ్మ పెట్టిన కేకకు ఆయన కారు ఆపేశారు. దిగి, ఆ గోతి అంచున నిలబడి లోపలికి చూశారు. రోజూ దాన్ని దాటుకునే ఆఫీసుకు వెళ్తున్నా, పదకొండు నెలల్లో దాన్ని కాగితం మీద కాకుండా నేలమీద చూడటం అదే మొదలు.

"రేపే పూడ్పిస్తాను. నీ మీద ఒట్టు," అన్నారు. ఆ మాట నిజంగానే అన్నారని నేను ఎక్కడైనా సాక్ష్యం చెబుతాను.

శుక్రవారం ఆయన ఫైలు తెప్పించారు. గొయ్యి తవ్వింది నీళ్ల శాఖ కనుక వాళ్ల నివేదిక వచ్చేదాకా రోడ్ల శాఖ ముట్టరాదని అందులో ఉంది. రోడ్ల శాఖ నివేదిక వచ్చేదాకా తాము నివేదిక ఇవ్వలేమని నీళ్ల శాఖ రాసింది. మొదటి షరతు పెట్టింది ఎవరా అని చూస్తే, కింద ముత్యాల్లాంటి రాత. తన సంతకాన్ని తానే కాదనడం ఎలా? సాయంత్రం ఇంటికొచ్చి, రక్తపోటు పెరిగినట్టుందని కంప్యూటర్ ముందుకు వెళ్లారు.

ఆదివారం మేం ఇరవై ముగ్గురం నాలుగో అర్జీతో ఆయన ఇంటి మీదికి వెళ్లాం. నిజంగా కోపంగానే వెళ్లాం. అర్జీ అధ్యక్షులవారి చేతిలో ఉంది. బయట ఎండ పేలిపోతోంది. ఇంజనీరుగారు తలుపు తీసి, "రండి, లోపల చల్లగా ఉంది, కూర్చోండి" అన్నారు. చల్లగానే ఉంది. కూర్చున్నాం. తెరమీద విమానం దిగడానికి వస్తోంది. అడ్డం మాట్లాడటం మర్యాద కాదు కదా. పది గంటల పన్నెండు నిమిషాలకు చక్రాలు నేలను తాకాయి. తాకినట్టు కూడా తెలియలేదు.

ఎవరు ముందు చప్పట్లు కొట్టారో నాకు గుర్తులేదు. నేనే కావచ్చు.

అధ్యక్షులవారు అర్జీని మడిచి జేబులో పెట్టుకుని, "ఇంత నున్నగా ఉంది... ఇందులో మన వీధి కూడా వస్తుందా అండీ?" అని అడిగారు.

"ఫొటోలు తీసి ఎక్కించొచ్చు సార్," అన్నాడు పక్కనే వైర్లు సర్దుతున్న స్క్రూడ్రైవర్.

మూడు వారాల్లో ఎక్కించాడు. ప్రారంభోత్సవానికి తెర అంచుకు అడ్డంగా రిబ్బను కట్టాం. అధ్యక్షులవారు ప్రసంగించారు: "సోదర సోదరీమణులారా! పదకొండు నెలలుగా మనం కోరుకున్నదేమిటి? గొయ్యి లేని వీధి. ఈనాడు మన ఇంజనీరుగారి పుణ్యమా అని ఆ వీధి మన కళ్లముందుంది! గొయ్యి ఎక్కడ? చూపించండి! ఎంత వెతికినా కనబడదు! అసాధ్యాన్ని సాధ్యం చేసిన ఈ మహనీయుడి సేవలు ఒక్క వీధికే పరిమితం కారాదని సభాముఖంగా మనవి చేస్తున్నాను!"

కత్తెర డాక్టరమ్మ ఎడమచేతికి ఇచ్చాం. ఆవిడ కత్తిరించలేదు. తెరవైపే చూస్తున్నారు. తెరమీద మా వీధి తుడిచినట్టుంది. ఆటలో స్కూటర్లు లేవు కనుక అందరూ ఒక చిన్న విమానంలోనే, నేలమీద దొర్లుకుంటూ, ఎవరింటి గేటు దగ్గరికి వాళ్లు వెళ్లాలి.

"ఇందులో నేను పడిన చోటు ఎక్కడ?" అని అడిగారు.

స్క్రూడ్రైవర్ తల గోక్కున్నాడు. "గొయ్యి పెడితే కుదుపొస్తుందని వదిలేశానమ్మా."

"మనుషులు?"

"వాళ్లున్నా అంతేనమ్మా."

డాక్టరమ్మ కత్తెర బల్లమీద పెట్టి బయటికి వెళ్లిపోయారు. నొప్పి ఎక్కువైందేమో అనుకున్నాం. తలా పదిహేను నిమిషాల చొప్పున వీధిలో తిరిగేందుకు వరస కట్టాం.

ఆవిడ నేరుగా అధ్యక్షులవారి ఇంటిమీద గది కడుతున్న తాపీమేస్త్రీ దగ్గరికి వెళ్లారు. ఒకప్పుడు అతని భుజం పడిపోతే నాలుగు నెలలు చూసి నిలబెట్టింది ఆవిడే. "ఏం కావాలమ్మా?" అని అతను దిగొచ్చాడు. విరిగిన ఇటుకలు, కంకర, కాస్త సిమెంటు. అతనూ ఇద్దరు కూలి ఆడవాళ్లూ మోశారు. ఆవిడ ఎడమచేత్తో నీళ్లు పోశారు. గంటా నలభై నిమిషాల్లో గొయ్యి లేకుండా పోయింది. మా వంతులింకా సగం కూడా కాలేదు.

విషయం తెలిసి సభ నొచ్చుకుంది. "లోపల మనం వీధిని ప్రారంభిస్తుంటే బయట ఇలా చేయడం సంఘాన్ని అవమానించడమే," అన్నారు అధ్యక్షులవారు. అప్పటికప్పుడు ఖండన తీర్మానం రాశారు. వంతుల జాబితాతో పాటే ఆ కాగితం కూడా చేతులు మారింది. నేను సంతకం పెట్టాను. చదివే పెట్టాను. నా ముందు ముగ్గురే ఉన్నారు. గొడవ పెట్టుకుంటే వంతు పోతుంది.

సోమవారం తీర్మానం రోడ్ల శాఖకు అందింది. మంగళవారం ఉదయం ఏడింటికే శాఖవారి జీపు వచ్చింది. పరిశీలనలో ఉన్న గొయ్యి పరిశీలన ముగిసేవరకు ఉన్నది ఉన్నట్టు ఉండాలి కదా. కొలతలు ఫైల్లో ఉన్నాయి. తవ్వినవాళ్లు తక్కువైతే మాటొస్తుందని ఇంకో అర అడుగు లోతుగానే తవ్వారు. మేం వాళ్లకు చల్లటి మంచినీళ్లు ఇచ్చాం. ప్రభుత్వ రహదారిని అనుమతి లేకుండా బాగుచేసినందుకు డాక్టరమ్మకు నోటీసు కూడా వచ్చింది. ఇంజనీరుగారే సంతకం చేసి, తపాలా జాప్యం ఎందుకని తానే ఇంటికి తెచ్చి, భోజనాల బల్లమీద ఆవిడ ముందు పెట్టారు. అప్పుడు నేను వరండాలో నా వంతు కోసం కూర్చుని ఉన్నాను.

"ఏం చెయ్యను చెప్పు? రూలు అలా ఉంది. నాకు మాత్రం బాధ లేదా?" అన్నారాయన. కళ్లు తడిగానే ఉన్నాయి.

"మీరు మంచివారండీ," అన్నారు డాక్టరమ్మ. "చెడ్డవారైతే ఈ పాటికి ఎవరో ఒకరు మిమ్మల్ని తిట్టి అయినా పని చేయించేవాళ్లు."

నోటీసు అందినట్టు ఆవిడ ఎడమచేత్తో సంతకం పెట్టి ఇచ్చారు. రికార్డులో ఉన్న సంతకంతో అది సరిపోలలేదని ఆఫీసువారు నోటీసును తిప్పి పంపారు. ఆ విషయం కూడా పరిశీలనలో ఉన్నది. కట్టు విప్పాక కూడా ఆ చేతికి మునుపటి పట్టు రాలేదు. ఆవిడ క్లినిక్కు మూసేశారు. రోజూ సాయంత్రం మేస్త్రీ కూతురికి తన వైద్యం పని నేర్పుతున్నారని విన్నాను.

ఇంజనీరుగారికి పైపదవి వచ్చింది. స్క్రూడ్రైవర్‌కు తీరిక లేదు. పద్నాలుగు వీధులవాళ్లు అర్జీలు మానేసి ఫొటోలు పంపారు. ఇది చదువుతున్న మీ వీధివి ఇంకా అందలేదని అతను చెబితే నాకు ఆశ్చర్యమేసింది. త్వరపడండి. మీ పక్కవీధివాళ్లు ఇవాళ ఉదయమే వచ్చి వరసలో నిలబడ్డారు. ముందు మిమ్మల్ని రానిమ్మంటే, మీరు ఎలాగూ ఏమీ అనరని, ఒప్పుకోవడం లేదు.