ఆఫీసరు గారి వీపు

ఈ మూల నుంచి బయల్దేరితే ఆ మూల చేరేలోపు రెండుసార్లు ఆకలేసేంత పెద్ద అడవిలో దుంపల శాఖ అని ఒకటుండేది. వేసవిలో మేత దొరకనప్పుడు జంతువులన్నిటికీ ఆ శాఖ పండించే దుంపలే తిండి. పొద్దుగూకితే అడవిపందులు చేను మీద పడతాయి గనక, కాపలాకి సూదయ్య అనే ముళ్లపందిని పెట్టారు. సూదయ్య ముళ్లు విప్పి గట్టు మీద నిలబడితే పందులు ఆ ఛాయలకు రావు.

ఆ శాఖకి కొత్తగా వచ్చిన ఆఫీసరు ఎలుగుబంటి రోమేశం గారు. ఒళ్లంతా బొచ్చు, బొచ్చునిండా దురద. ఆయన రాగానే అందరికీ కొసరు పనులు పుట్టుకొచ్చాయి. విత్తనాలు ఏరాల్సిన ఉడుత ఆయన పిల్లల్ని ఆడిస్తోంది. వాన కబురు చెప్పాల్సిన నెమలి ఆయన భార్యకి విసురుతోంది. ఎవరూ నోరెత్తలేదు.

ఒకరోజు ఆయన సూదయ్యని పిలిచారు.

"ఏమయ్యా, నీ ముళ్లు దువ్వెనలా ఉన్నాయే! రోజూ పొద్దుగూకగానే వచ్చి కాస్త వీపు గోకిపో."

"ఆ వేళకి నేను చేలో ఉండాలి కదండీ. వీపు గోకడం నా పని కాదండీ."

ఎలుగుబంటి కళ్లు ఎర్రబడ్డాయి. పక్కనున్న హెడ్డుగుమాస్తా నక్క ఊళేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు.

"సూదయ్యా, నువ్వు చేరిన రోజే చెప్పాం. చేను కాపలా, గట్ల మరమ్మతు, పైవారు చెప్పిన ఇతర పనులు."

"ఇతర పనులంటే చేలో పనులనుకున్నానండీ."

"అనుకోవడం కూడా నీ పని కాదు," అన్నాడు నక్క.

మర్నాడే ధిక్కారం కింద నోటీసొచ్చింది. విచారణాధికారి నక్కే, సాక్షీ నక్కే. తీర్పు కూడా అతనే వినిపించాడు: సిబ్బంది అందరి ముందూ ఆఫీసరు గారి వీపు గోకేదాకా సూదయ్యకి దుంపల వాటా బంద్.

ఇంట్లో పిల్లలు ఎండిన తొక్కలు నాకుతున్నారు.

"వెళ్లి గోకేసి రారాదూ? వీపే కదా," అంది భార్య కంటకమ్మ.

"నా బాధ వీపు గురించి కాదే, చేను గురించి," అన్నాడు సూదయ్య. పిల్లల వైపు చూసి లేచాడు.

ఆ సాయంత్రం శాఖంతా ఆఫీసు ముందు చేరింది. రానివాళ్లకి గైర్హాజరు వేస్తానని నక్క చాటించాడు మరి. రోమేశం గారు వీపు తిప్పి కూర్చున్నారు. సూదయ్య వెనక్కి వెనక్కి నడిచి, మెల్లగా ముళ్లతో రుద్దాడు.

"ఆహా... కాస్త కిందికి. గట్టిగా!"

"గట్టిగా అయితే గుచ్చుకుంటాయండీ."

"మళ్లీ ధిక్కారమా? గట్టిగా అన్నానా!"

సూదయ్య గట్టిగా గోకాడు. హాయి ఎక్కువై, రోమేశం గారు కళ్లు మూసుకుని ఒళ్లంతా వెనక్కి వాల్చేశారు.

ఆయన పెట్టిన అరుపుకి చెట్టు మీద కోతి జారిపడింది. సూదయ్య ఉలిక్కిపడి ముందుకు దూకాడు. ముళ్లు మాత్రం ఆఫీసరు గారి దగ్గరే ఉండిపోయాయి.

అందరూ తలో ముల్లూ పట్టుకుని లాగుతుంటే, అటు కాపలా లేని చేలోకి అడవిపందులు పిల్లాజెల్లాతో వచ్చి తీరిగ్గా తినిపోయాయి. తెల్లారి చూస్తే వేసవికని చేలో ఉంచిన దుంప ఒక్కటీ లేదు.

అడవినేలే పెద్దపులి దొరవారు స్వయంగా వచ్చారు. "కాపలా ఎవరిది?"

"సూదయ్యదండీ. చేలో లేడండీ," అన్నాడు నక్క.

"ఆఫీసరు గారి వీపు గోకుతున్నానండీ," అన్నాడు సూదయ్య.

"వీపు గోకడం నీ పనా?" అని గర్జించారు దొరవారు.

"కాదండీ. నేనూ అదే చెప్పానండీ."

సిబ్బంది కిసుక్కుమంది. ఎవర్నో ఒకర్ని శిక్షించాలి గనక, దొరవారు చేను వదిలినందుకు సూదయ్యకి రెండో నోటీసిచ్చారు. విధి నిర్వహణలో గాయపడినందుకు రోమేశం గారిని తేనె శాఖకి పెద్దని చేశారు. అక్కడాయన ఇప్పటికీ బోర్లా పడుకునే హుకుంలు జారీ చేస్తున్నారట.

సూదయ్యకి వాటా మళ్లీ మంజూరైంది గానీ, పంచడానికి దుంపలే లేవు. ఆ వేసవంతా పిల్లలకి వేళ్లు తవ్వి పెడుతూ, ఖాళీ చేనుకి కాపలా కాశాడు. ఒక్కటి మాత్రం జరిగింది. ఆ తర్వాత వచ్చిన ఆఫీసర్లెవరూ అతనికి వీపు చూపించలేదు.

నీతి: పై అధికారి వీపు గోకనివాడిది ధిక్కారం, గోకినవాడిది నిర్లక్ష్యం, గోకించుకున్నవాడిది ప్రమోషన్.