స్తంభం మీద రెండో మొహం

ప్రాసిక్యూటర్‌ను ఓట్లేసి ఎన్నుకునే ఊరంత అదృష్టం ఇంకే ఊరికుంటుంది? నమ్మరా? అయితే గురువారం మధ్యాహ్నం కెల్మర్ ఫాల్స్ కోర్టులో, బోనులో చెమటలు కక్కుతున్న లొరేన్ పాచెక్‌ను చూడండి!

లొరేన్ స్కూలు బస్సు డ్రైవరు. ఆమె చేసిన ఘోరం? పిల్లి తప్పిపోవడం. ‘మా బిస్కట్ కనిపించిందా?’ అన్న పోస్టరు మిల్లు వీధి కరెంటు స్తంభమెక్కింది. కింద ఆమె పేరుంది. స్తంభానికి పోస్టరు అంటిస్తే ఈ ఊళ్లో నేరం. శిక్ష పడిందా, ఉద్యోగం ఊడినట్టే. నేరస్థురాలి చేతికి బడి పిల్లలనెవరిస్తారు? పిల్లి మాత్రం రెండోరోజే ఇల్లు చేరింది. దానిమీద కేసు లేదు.

ఇక సిటీ ప్రాసిక్యూటర్ డ్వైట్ వెదరిల్. వచ్చే మంగళవారమే ఎన్నికలు, మూడోసారి నిలబడ్డాడు. ఆయన తక్కువవాడా? నాన్నగారి సోఫాల దుకాణం కోసం టీవీ ప్రకటనల్లో సోఫాల మీద గెంతి ఊరందరికీ తెలిసిన మొహం! ఆ తర్వాతే లా చదివాడు. ఎనిమిదేళ్లలో ఒక్క కేసూ ఓడలేదు. గడ్డి కత్తిరించని టీచరు, గుమ్మం ముందు మంచు తొయ్యని తొంభై ఏళ్ల పెద్దాయన, పర్మిషన్ లేకుండా కేకులమ్మిన చర్చి గాయనులు... ఒక్కరు తప్పించుకున్నారా?

నదిలోకి రంగునీళ్లు వదిలే ఫ్యాక్టరీ మాటేమిటంటారా? వాళ్లకు ఆరుగురు లాయర్లున్నారండీ! కేసు పెడితే ఓడిపోవచ్చు. ఓడితే నూటికి నూరు అన్న రికార్డు ఏం కాను? ఊరి పరువు కోసమే పాపం ఆయన అటు చూడటం మానేశాడు.

“ఆ పోస్టరు నేను అంటించలేదు జడ్జిగారూ,” అంది లొరేన్. “నేను బస్సులో ఉన్నాను. ఇరుగుపొరుగువాళ్లు జాలిపడి అంటించారు.”

వెదరిల్ టీవీ కెమెరా వైపు తిరిగాడు. “ఎవరు అంటించారన్నది అనవసరం! స్తంభం మీద ఎవరి పేరుంటే వాళ్లే దోషి. ఆ చట్టం రాసింది నేనే. ఇదిగో సాక్ష్యం!”

పక్కనున్న బోర్డు మీది ముసుగు లాగాడు. కెమెరాలో బాగా కనబడాలని తలుపంత ఎత్తున ప్రింటు వేయించిన ఫొటో అది. స్తంభం, పోస్టరు, బిస్కట్ మీసాలతో సహా స్పష్టంగా కనబడుతున్నాయి.

లొరేన్ కళ్లు చిట్లించి చూసింది.

“జడ్జిగారూ, మా పిల్లి నెత్తిమీద పళ్లికిలిస్తున్న ఆయనెవరండీ?”

హాలంతా గొల్లుమంది. జడ్జి ఐరీన్ ఓబర్ కళ్లజోడు సవరించుకుంది. పిల్లికి సరిగ్గా జానెడు పైన, అదే స్తంభానికి ఎన్నికల పోస్టరు ఒకటి నవ్వుతోంది.

“అది... మా కార్యకర్తలెవరో అంటించి ఉంటారు. నాకేం తెలుసు?” అన్నాడు వెదరిల్.

“మా ఇరుగుపొరుగు కూడా అంతేనయ్యా బాబూ!” అంది లొరేన్.

“ఎవరు అంటించారన్నది అనవసరం అన్నారుగా?” అంది జడ్జి. “చట్టం ఇద్దరికీ వర్తించాలి. లేదా ఇద్దరికీ వర్తించకూడదు. ఏదో ఒకటి తేల్చండి.”

కెమెరా ఎర్రలైటు ఆరడం లేదు. వెదరిల్ ఒకసారి లొరేన్‌ను చూశాడు, ఒకసారి కెమెరాను చూశాడు. “లొరేన్ గారి మీద... కేసు వెనక్కి తీసుకుంటున్నాను.”

లొరేన్ పర్సులోంచి బస్సు తాళాలు తీసి గుప్పిట్లో బిగించింది. మూడింటికి బడి వదులుతారు. ఈపాటికే ఆలస్యమైంది. అయినా కదల్లేదు.

“సంతోషం,” అంది జడ్జి. “కానీ ఫొటో మీరే దాఖలు చేశారు, తీసేయడం కుదరదు. ఆ రెండో పోస్టరు మీద పేరేమిటో రికార్డు కోసం చదవండి. గట్టిగా.”

చూశారా పాఠకులారా, ఎన్నికల మహిమ! ఎనిమిదేళ్ల సర్వీసులో మొట్టమొదటిసారి ప్రాసిక్యూటరుగారు అసలు దోషిని పట్టుకున్నారు. అదీ స్వయంగా, సాక్ష్యంతో సహా. ఇంకా ఆయనకు ఓటెయ్యమంటారా?

ఆయన గొంతు సవరించుకున్నాడు.

“డ్వైట్ వెదరిల్.”