గీత దాటించిన కోడిపులుసు

ప్రపంచంలో పేదరికం అంతరించడమనేది 1981 ఆషాఢంలో, సత్యవేడుకు పోయే దారిలోని ఒక చిన్న పల్లెలో, గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలయింది. అంతకు ముందు పద్దెనిమిది దేశాల పెద్దలు ఎక్కడో చలిదేశంలో ఆరు రోజులు కూర్చుని పేదవాడంటే ఎవడో తేల్చారు. రోజుకు రెండువేల నాలుగువందల కేలరీలకు తక్కువ తినేవాడు పేదవాడు; అదే పేదరికపు గీత. (ఈ తీర్మానం భోజనాల తర్వాతే జరిగిందని సభా నివేదికలో ఉంది.) అలాంటి ప్రతి కుటుంబానికీ ఒక పాడిగేదె ఇవ్వాలని కూడా తీర్మానించి, అందుకొక మండలిని నియమించారు.

గేదె మాట విన్ననాటి నుంచి నాగులమ్మకు వేరే ధ్యాస లేదు. వేరుశెనగ చేలో కలుపు తీస్తూ కూడా, చంటిదానికి ఎన్ని పాలు ఉంచాలా అని ఆలోచించేది.

మండలి తరఫున సంపత్కుమార్ అనే ఉద్యోగి పొద్దున ఎండలో నడిచొచ్చి, మధ్యాహ్నం మీ ఇంటికి వస్తానని చెప్పి పోగానే, ఆ ఊళ్లో ఎవరైనా చేసే పనే ఆమె చేసింది. ఉన్న ఒక్క గుడ్లకోడినీ కోసి పులుసు పెట్టింది. రాగిసంగటి కెలికింది. ఎదురింటి జ్ఞానాంబను అడిగి గరిటెడు నెయ్యి తెచ్చింది.

సంపత్కుమార్ తిరుపతి వైష్ణవుడు. గడప బయటే ఆగిపోయాడు.

"మేము తినమమ్మా. ఒక అరటిపండు చాలు."

"ఆయప్ప నామం సూడలేదా నువ్వు?" అని మొగుడు మునస్వామి గొణిగాడు.

"చెమటకి కరిగిపోయినాది నామం. నాకేం తెలుసు!"

వండింది పారేయలేరు గనుక ఇంట్లోని నలుగురూ కూర్చుని తిన్నారు. సంపత్కుమార్ అరటిపండు ఒలుచుకుంటూ ప్రతి ముద్దనూ ఫారంలో ఎక్కించాడు. తలకు మూడువేల నూటపది కేలరీలు తేలాయి.

"సామీ, నిన్న గంజి తాగినాము. మొన్న అదీ లేదు."

"నిన్నటిది జ్ఞాపకం కిందికి వస్తుందమ్మా. జ్ఞాపకాన్ని మండలి ఒప్పుకోదు. కళ్లారా చూసిందే రాయాలి."

"ఈ కోడిని కోసింది నీ కోసరమే కదప్పా!"

(ఏం తిన్నారనే గడి ఉంది. ఎందుకు తిన్నారనే గడి లేదు.)

ఆ వారంలో సంపత్కుమార్ ఊళ్లోని ముప్పై ఒక్క ఇళ్లకూ వెళ్లాడు. అందరూ మర్యాద తెలిసినవాళ్లే. వారం తిరిగేసరికి ఊళ్లో పేదవాడన్నవాడు లేడు.

నాగులమ్మ మండలి ఆఫీసుకు పోయింది. అక్కడి అధికారి దేవనాథన్ ఆమెకు కుర్చీ చూపించారు. (పేదవాళ్లయితే నిలబడాలి.)

"అభినందనలమ్మా."

"నా గేదె యాడ సారూ?"

ముప్పై ఒక్క గేదెలూ వెనక పెరట్లోనే ఉన్నాయి, అర్హుల కోసం ఎదురుచూస్తూ. అంతవరకు ఆఫీసు కాఫీ చిక్కగా ఉంటోంది.

"గేదె లేకుండానే మీ ఊరు గీత దాటేసింది. ప్రపంచంలో ఇంతవరకు ఎక్కడా జరగలేదు. అదెలా సాధించారో తెలుసుకోవడానికి పద్దెనిమిది దేశాలవాళ్లూ మంగళవారం మీ ఇంటికే వస్తున్నారు. ఆరోజు లాగే వండుకో."

"ఉండిందే ఒక్క కోడి సారూ."

"అది నువ్వే చూసుకోవాలి. మేము సాయం చేస్తే ఫలితం చెడిపోతుంది."

నాగులమ్మ కుర్చీలోంచి లేచింది.

"వచ్చేవాళ్లు తింటారా సారూ, ఆయప్ప మాదిరి ఊరికే సూస్తారా?"

దేవనాథన్ కార్యక్రమ పత్రం తిరగేసి, "చూస్తారు" అని చదివి చెప్పారు.