ఎసరు గ్లాసు మహిమ

గంజి కుండ ఖాళీ!

గద్వాల వీధిలో నెల దాటాక మళ్లీ పొద్దున్నే పడుగు పోగులు చాచి, చేత కుంచె పట్టుకుని నిలబడ్డ బాలకిష్టయ్యకు ఇంతకన్నా పెద్ద ఉపద్రవం ఉంటుందా? ఎండ ముదిరేలోగా నూలుకు గంజి పట్టాలి. లేదంటే మగ్గమెక్కిన పోగులు పుటుక్కుమంటాయి. వనపర్తి పెళ్లివారి చీర గడువుకు అందదు. అప్పటికప్పుడు కాచిన గంజి పనికిరాదు. నిన్నటిది పులిస్తేనే పట్టు.

"ఎవడో ఎత్తుకపోయిండు" అని తేల్చేశాడు.

దొంగ దొరికేలోగా మీకో సత్యం చెప్పనా? ఆరోగ్యానికి డాక్టర్లెందుకు, టానిక్కులెందుకు? ఒక్క స్టీలు గ్లాసు చాలు! గ్లాసెడు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు. గంజి వంపే పనే లేదు. సారమంతా మెతుకులోనే.

నెల కింద రేడియోలో ఈ ముక్క విన్న బాలకిష్టయ్య, ఆ పూటే భార్య కౌసల్యమ్మ చేతిలో గ్లాసు పెట్టాడు. వారానికి నీరసం పోయింది. రెండో వారానికి మీసం నిక్కింది. ఇంతటి మహిమను ఒక్కడే అనుభవించడం పాపం కాదా? వీధిలో గడపగడపకూ వెళ్లి ఉపన్యాసమిచ్చాడు. తన వంటింటి గడప మాత్రం తొక్కలేదు. సంస్కర్తలకు పొయ్యితో పనేమిటి?

ఇప్పుడా గడపలకే మళ్లీ పరుగెత్తాడు.

"గోవర్ధన్, జర గంజి ఉంటే ఇయ్యి."

"యాడిది బావా? మా కుండ ఎండిపోయి రెండు వారాలాయె."

నాలుగిళ్లు తిరిగాడు. నాలుగు కుండలూ ఖాళీయే. ఒక్కడి పని కాదు, ముఠా దిగింది! పోలీస్ స్టేషన్‌కు బయలుదేరుతూ చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. అప్పటికే పడుగు మీదికి ఎండ పాకింది. చుట్టుపక్కల వాళ్లంతా చేరారు.

కౌసల్యమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"యాడికి?"

"కంప్లైంట్ ఇయ్యనీకి."

"ముప్పై ఏండ్ల సంది ఆ కుండ దానంతటదే నిండుతుందనుకున్నవా? నేను వంపితే నిండింది. నెల సంది వంపుతలేను."

"ముందే చెప్పొద్దా?"

"చెప్పనీకొస్తే, వంటింటి ముచ్చట్లు నాకెందుకే అన్నవ్."

"అయితే గంజంతా ఏమైనట్టు?"

"అన్నంలనే ఉండె. పూటపూటకు మజ్జిగ పోసుకొని, వేళ్లు నాకి మరీ తిన్నదెవరు? స్టేషన్ల పేరు రాయిస్తవు గదా, సక్కగ రాయించు. గంజి దొంగ బాలకిష్టయ్య."