వస్తుంది, కూర్చోండి

ఆ ఉదయానికి షావుకారు చేతిలో ఉన్నది ఇంతే: ఒక ముసలి క్యాంపర్ వ్యాను, అందులో మడత మంచం, గ్యాసు పొయ్యి, తలుపు సరిగా పడని అల్మరా, ముందు సీట్లో భార్య, సీటు కింద బావమరిది బహూకరించిన కొత్త నైలాను తాడు. వ్యానుకు సెల్ఫ్ కూడా ఉండాల్సిన చోటే ఉంది. కాకపోతే రెండు రోజులుగా తాళం తిప్పితే పలకడం లేదు. అందువల్ల ఎక్కడ ఆగినా పల్లం చూసి ఆగడం, టైరు కింద రాయి పెట్టడం, వెళ్లేటప్పుడు రాయి తీసి బండిని దొర్లించి గేరు వేయడం అలవాటు చేసుకున్నారు.

తాడుకో కథ ఉంది. చెప్పుల షాపు అమ్మేశాక, సముద్రం పక్కన పోయే రోడ్డు పట్టుకుని చిట్టచివరి దీపస్తంభం దాకా వెళ్లాలని మొగుడూ పెళ్లాలు తీర్మానించుకున్నారు. బయలుదేరే రోజు బావమరిది తన కొత్త బ్యాటరీ కారులో వచ్చి, తాడు చుట్ట అక్కగారి ఒళ్లో పెట్టాడు.

"ఈ డబ్బాని ఎవడో ఒకడు లాక్కురావాల్సిందే అక్కా. కనీసం తాడన్నా మంచిది ఉండాలి కదా!"

ఆవిడ తాడును అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒరేయ్, మా బండిని తాడు కట్టి ఎవరన్నా లాగిన రోజున దాన్ని తుక్కు కింద ఇచ్చేసి, నువ్వు రమ్మంటున్న ఆ మేడ మీది గదిలో నోరు మూసుకుని పడుంటాం. ఎవరిచేతా లాగించుకోకుండా దీపస్తంభం చేరామా, మేం ఎక్కడ ఉండాలో, ఎలా తిరగాలో నువ్వు ఈ జన్మలో మళ్లీ చెప్పకూడదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నా. గది కడిగించి ఉంచుతా."

ఇక దీపస్తంభం ఒక్క పూట ప్రయాణం. ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది: ఎక్కడైనా ఆగి టీ తాగడం, మధ్యాహ్నానికి దీపస్తంభం చేరడం. పెద్ద రోడ్డు నుంచి సముద్రం వైపు దిగే ఒక సన్నటి దారి కనబడింది. రెండు పక్కలా రాతి గోడ, ఒక్క బండి పట్టేంత వెడల్పు, కింద పాత రేవు ముందు విశాలమైన ఖాళీ స్థలం. పల్లం చూస్తే షావుకారుకి ప్రాణం లేచొచ్చింది. పై భాగంలోనే బండి ఆపి, రాయి పెట్టి, పొయ్యి వెలిగించాడు.

టీ మరిగేలోగా వెనక ఒక కారు వచ్చి ఆగింది. కళ్లజోడు పెద్దమనిషి ఒకాయన దిగి వచ్చాడు. "దీవికి వెళ్లే పడవ ఇక్కడికే వస్తుందాండీ?"

ఇక్కడ షావుకారు గురించి ఒక్క మాట చెప్పాలి. ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఆయన ఏ మనిషినీ 'లేదు' అని పంపలేదు. ఏ సైజు అడిగినా, ఏ రంగు అడిగినా, ఆ చెప్పు అసలు లోకంలో ఎవరూ తయారుచేయకపోయినా ఆయన చెప్పేది ఒకటే మాట. మనిషి కూర్చుంటే బేరం సగం అయినట్టేనని ఆయన లెక్క. షాపు అమ్మేశాడు గానీ ఆ మాటను షాపుతో పాటు అప్పగించలేదు.

"వస్తుందండీ, కూర్చోండి," అన్నాడు.

కళ్లజోడాయన సంతోషంగా వెళ్లి కారులో కూర్చున్నాడు. ఆవిడ టీ వడపోస్తూ మొగుడి వైపు చూసింది. "ఏ పడవండీ?"

"ఏమో. అడిగాడు కదా పాపం."

"ఆయనకి మీ పడవ ఏ సైజులో కావాలో కూడా కనుక్కోకపోయారా?"

ఇద్దరూ టీ తాగి గ్లాసులు కడిగేసరికి వెనక చాలా కార్లు చేరాయి. ఒక పెళ్లివారి బస్సు కూడా ఉంది. చాలామంది ఎవరినీ ఏమీ అడగలేదు. లైను ఉంది కాబట్టి నిలబడ్డారు. అనుమానం వచ్చిన ఒకరిద్దరు ముందుకొచ్చి అడిగారు, షావుకారు వాళ్లను కూర్చోమన్నాడు.

"ఇంక కదలండి. మనం కిందకి దిగి ఓ పక్కకి తప్పుకుంటే వీళ్లే తెలుసుకుంటారు," అంది ఆవిడ. షావుకారు రాయి తీసి, దొర్లించి, గేరు వేశాడు. వ్యాను ఒక్కసారి ఉలిక్కిపడి, దగ్గి, సగం పల్లంలో ఆగిపోయింది. వెంటనే రాయి పెట్టారు.

వెనక నుంచి ఈలలు, చప్పట్లు. "లైను కదిలిందిరోయ్!" కార్లన్నీ ఒకదాని వెంట ఒకటి జరిగి వ్యాను వెనక చేరాయి. కదులుతున్న లైను చూసి, పెద్ద రోడ్డు మీద పోతున్న వాళ్లు కూడా వచ్చి దూరారు.

షావుకారు ముందున్న పల్లాన్ని కళ్లతో కొలిచాడు. మిగిలింది సగమే. ఈసారి కూడా ఇంజను అందుకోకపోతే బండి బల్లపరుపు నేల మీదకి చేరుతుంది. అక్కడి నుంచి బయటపడే దారి సీటు కింద చుట్ట చుట్టుకుని ఉంది. ఆ సగం పల్లమే తన దగ్గరున్న ఒక్క సరుకు, దాన్ని తొందరపడి అమ్ముకునే మనిషి కాదాయన. "ఇంజను కొంచెం సర్దుకోనీ," అన్నాడు.

ఆవిడ మాత్రం మెట్టు మీద నిలబడి అందరికీ వినబడేలా అరిచింది. "బాబూ, ఇక్కడికి ఏ పడవా రాదు! మేం టీ తాగడానికి ఆగాం. మీ దారిన మీరు వెళ్లండి!"

పెళ్లివారి బస్సు కిటికీలోంచి ఒక పెద్దావిడ తల బయట పెట్టింది. "పడవ రాకపోతే ఇంతమంది ఎందుకొచ్చారమ్మా?"

"మిమ్మల్ని చూసి వాళ్లు, వాళ్లని చూసి మీరు!"

"మేమంతా వెళ్లిపోతే మీ ఇద్దరే కాళ్లు చాపుకుని పోదామనా? పొద్దున్నుంచి ఉన్నాం తల్లీ, కదిలేది లేదు!"

అవునవునంటూ లైనంతా గొంతు కలిపింది. ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "నా మాట నమ్మట్లేదు. మీరు చెప్పండి, పడవ లేదని. ఒక్క మాట."

షావుకారు గొంతు సవరించుకుని లైను ముందు నిలబడ్డాడు. అన్ని మొహాలు ఒక్కసారిగా ఆశగా తన వైపు తిరిగేసరికి, షాపు నిండా జనం ఉన్న రోజు గుర్తొచ్చింది. "అయ్యా, పడవ..." అన్నాడు. పెదవులు ఎంత ప్రయత్నించినా రెండో మాట దొరకలేదు. "...కాస్త ఆలస్యం," అన్నాడు.

చప్పట్లు మోగాయి. ఆవిడ నుదురు కొట్టుకుంది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ట్రాఫిక్ కానిస్టేబుల్ నడుచుకుంటూ దిగొచ్చాడు. పెద్ద రోడ్డు దాకా కార్లు నిలిచి అక్కడంతా స్తంభించిపోయిందట. "ఎవరండీ ఇక్కడ ఇన్‌చార్జి?" అంటే వేళ్లన్నీ షావుకారు వైపు లేచాయి.

"పడవేంటయ్యా? రేవు మూసేసి ఏళ్లయింది! కొత్త రేవు అవతల ఊళ్లో!" అన్నాడు కానిస్టేబుల్.

యూనిఫారం చెబితే నిజానికి బరువొస్తుంది. లైనంతా గుప్పున మండింది. కళ్లజోడాయన ముందుకు దూకాడు. "వస్తుంది కూర్చోండి అన్నారు కదండీ మీరు!"

"కూర్చోమన్నాను, కూర్చున్నారు. అందులో మోసమేముంది?" అన్నాడు షావుకారు.

కానిస్టేబుల్ చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "ముందు ఈ డబ్బా తియ్యాలి. క్రేను పిలుస్తున్నా, తాడు కట్టి లాగించేస్తా."

ఆ మాట పూర్తికాక ముందే ఆవిడ వెళ్లి బంపరు మీద కూర్చుంది. "తిట్టండి, పడతాం. జరిమానా రాయండి, కడతాం. తాడు మాత్రం కట్టనివ్వను. కట్టాలనుంటే ముందు నాకు కట్టండి."

"మరి దీన్నెలా కదుపుతారమ్మా?"

"ఇంతమంది అరుస్తున్నారు కదా, ఆ బలమేదో తోయడానికి పెట్టమనండి. చేతులతో ఎంత తోసినా నాకు అభ్యంతరం లేదు."

సరిగ్గా అప్పుడే పై నుంచి బావమరిది చేతులు ఊపుకుంటూ దిగొచ్చాడు. ముందు రోజు నుంచీ వాళ్ల వెనకే వస్తున్నాడట, ఆ ముచ్చట కళ్లారా చూడడానికి. అక్క కంట పడకుండా, వచ్చినవాళ్లందరినీ ముందుకు పోనిచ్చి, లైనులో అందరికంటే చివరే ఉండిపోయాడు. లోపల ఏసీ వేసుకుని, పాటలు వింటూ పొద్దున్నంతా గడిపాడు.

"ఏం బావా, క్రేను పిలుస్తున్నారట? తాడు తీయనా?"

"వచ్చావా, మంచి సమయానికి వచ్చావు. నువ్వూ ఓ చెయ్యి వెయ్యి," అన్నాడు షావుకారు స్టీరింగు ముందు కూర్చుంటూ.

రాయి తీశారు. కళ్లజోడాయన, పెళ్లివారు, కానిస్టేబుల్, ఆఖరికి బావమరిది కూడా ఒక చెయ్యి వేయక తప్పలేదు. వ్యాను దొర్లింది. పల్లం అయిపోతోంది, అయిపోతోంది... చిట్టచివరి గజంలో గేరు పడింది. వ్యాను ఒళ్లు విరుచుకుని, అందరి మొహాల మీదా నల్లటి పొగ కక్కి, గర్జించింది. ఆవిడ మెట్టు మీంచి రెండు చేతులూ పైకెత్తింది. తిట్టుకుంటూ వచ్చిన జనమే ఈలలు వేశారు.

వ్యాను ఖాళీ స్థలంలో ఓ పక్కకి జరిగి, ఇంజను ఆపకుండా నిలబడింది. కార్లన్నీ వరసగా కిందకి దిగి, తిరిగి పైకెళ్లడానికి సిద్ధమయ్యాయి. కానీ దారికి అడ్డంగా ఒక కారు కదలకుండా మిగిలింది. బావమరిది తలుపు తీశాడు, వేశాడు, మీట నొక్కాడు. బ్యాటరీ మొత్తం ఏసీకీ పాటలకీ అయిపోయింది. వందమంది కోపమూ ఇప్పుడు అతని మీదకి మళ్లింది. నలుగురూ చేరి కారును కిందకి తోసి, గోడ వారగా పెట్టి, ఒక్కొక్కరే పైకెళ్లిపోయారు. పోతూ పోతూ పెళ్లివారి పెద్దావిడ ఆ కారును తనివితీరా తిట్టిపోసింది.

కానిస్టేబుల్ ఫోను చెవి నుంచి తీశాడు. "క్రేను వేరే చోట ఉందట. రేపే."

బావమరిది ఖాళీ స్థలం చూశాడు, సముద్రం చూశాడు, చివరికి అక్కను చూశాడు. ఆవిడ సీటు కింద చెయ్యి పెట్టి తాడు చుట్ట బయటికి తీసింది. తనే వంగి, ఒక కొస తమ్ముడి కారుకీ రెండో కొస వ్యాను వెనకకీ బిగించి కట్టింది.

"మంచి తాడురా. మొహమాటపడకు."

వ్యాను మూలుగుతూ, వణుకుతూ, అంగుళం అంగుళం ఎక్కింది. ఎక్కడా ఆగలేదు. పెద్ద రోడ్డు మీదకి రాగానే షావుకారు ఫోను మోగింది. వెనక కారులోంచి బావమరిది. "బావా, ఛార్జింగు పెట్టే చోటు దగ్గర్లో వస్తుందా?"

"వస్తుంది, కూర్చో."

నిజానికి అది దారిలోనే వచ్చింది, వెనక్కి పోయింది కూడా. కానీ అక్కడ నేల బల్లపరుపు. ఇంజను ఆగితే మళ్లీ పల్లం ఎక్కణ్ణుంచి తేవడం? మంచి పల్లం దొరికింది దీపస్తంభం గుట్ట మీదే. పొద్దు వాలుతుండగా వ్యాను అక్కడికి చేరింది. వాళ్లు చేరినట్టు సాక్ష్యం కూడా తాడు కొసన వెంట వచ్చింది.

టైరు కింద రాయి పెట్టి షావుకారు లెక్క చూసుకున్నాడు. వెచ్చం: కొంత పొగ, ఒక పూట, వందమంది తిట్లు. వచ్చింది: కళ్ల ముందు సముద్రమంతా, పక్కన మొగుణ్ణి చూసి చాలా కాలానికి పైకి నవ్వుతున్న భార్య, ఇక మీదట తమ ఊసెత్తని బావమరిది.

ఆ బావమరిది కారు దిగి, నడుం పట్టుకుని, గోడకి చేరబడ్డాడు. "సరే బావా, ఓడిపోయాను. గది ఎవరికైనా అద్దెకిచ్చుకుంటా. నా తాడు నాకిచ్చెయ్."

షావుకారు తాడును జాగ్రత్తగా చుట్ట చుట్టి సీటు కింద పెట్టాడు.

"వాడిన సరుకు వాపసు లేదు," అన్నాడు.

ముప్పై ఏళ్లలో ఆయన నోటి నుంచి 'లేదు' అన్న మాట వినడం ఆయన భార్యకి అదే మొదలు.